పూల లోయకు వెళ్లిరావడం ఎలా: రిషికేశ్ నుంచి పుష్పావతి ఒడ్డు దాకా

ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలోని పూల లోయ జాతీయ ఉద్యానవనం గేటు దాకా ఏ బండీ వెళ్లదు. ఆఖరి జీపు దిగే పులనా నుంచి దాదాపు పది కిలోమీటర్లు కొండెక్కితే ఘాంఘరియా అనే చిన్న మజిలీ వస్తుంది. పార్కు లోపల గుడారం వేయనివ్వరు, రాత్రి ఉండనివ్వరు. కాబట్టి రోజూ ఘాంఘరియా నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాల్సిందే.

ఈ ప్రయాణం చెడిపోయేది ఎక్కువగా కాళ్లలో బలం లేక కాదు, చేతిలో రోజులు లేక. బద్రీనాథ్ యాత్రకు మధ్యలో ఒక్క రోజు తగిలించుకుని వస్తారు. ఆ రోజు వాన పడుతుంది, లేదా కొండచరియ విరిగి దారి మూసుకుపోతుంది. లోయ మొదట్లో నాలుగు ఫొటోలు దిగి, ఫొటోల్లో చూసినంత లేదే అనుకుంటూ వెనక్కి తిరుగుతారు. లోయ లోపలికి రెండు రోజులు కేటాయించండి, మొత్తం మీద ఇంకో రోజు ఖాళీగా ఉంచండి. ఈ మార్గదర్శి అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ఏ నెలలో వెళ్లాలి

పార్కు జూన్ 1న తెరుచుకుని అక్టోబరు 31న మూతపడుతుంది. ఈ అయిదు నెలల్లో లోయ ఒక్క తీరుగా ఉండదు.

జూన్‌లో వాగుల మీద ఇంకా మంచు పేరుకుని ఉంటుంది. మంచు కరిగిన చోటల్లా ప్రిములాలు, తెల్లటి అనిమోన్లు, తడి నేలలో పసుప్పచ్చని మార్ష్ మేరిగోల్డ్‌లు లేస్తాయి. జనం తక్కువ, శిఖరాలు బాగా కనిపిస్తాయి. కానీ పూలతో నిండిన లోయ కావాలనుకునేవాళ్లకు జూన్ నచ్చదు.

జులై రెండో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా పూత ముమ్మరంగా ఉంటుంది. జులైలో జెరేనియం, ఎర్ర పొటెంటిల్లా, నీలి గసగసాల పువ్వు వస్తాయి. ఆగస్టుకొచ్చేసరికి గులాబీ రంగు బాల్సమ్ వాలులన్నీ ఆక్రమిస్తుంది. వానలు దంచికొట్టేదీ, రోడ్లు తెగేదీ ఈ వారాల్లోనే. పూలూ వానా కలిసే వస్తాయి, ఒకటి వదిలి ఒకటి తీసుకునే వీలు లేదు. ఒక్కసారే వెళ్లగలిగేవాళ్లు జులై 20, ఆగస్టు 10 మధ్య తేదీలు పెట్టుకుంటే రెండు తరాల పూలూ కలిసి దొరుకుతాయి.

సెప్టెంబరులో వాన తగ్గి ఆకాశం తేటపడుతుంది. పూలు గింజకడతాయి, ఆకులు ఎరుపెక్కుతాయి. కొండల కోసం వెళ్లేవాళ్లకు మంచి నెల. పూల కోసమైతే ఆలస్యమే.

రోజుల లెక్క

రిషికేశ్ నుంచి రిషికేశ్‌కు ఎనిమిది రోజులు పెట్టుకోండి.

1వ రోజు: రిషికేశ్ నుంచి జోషీమఠ్, దాదాపు 250 కిలోమీటర్లు.
2వ రోజు: జోషీమఠ్ నుంచి గోవింద్‌ఘాట్, పులనా, అక్కడి నుంచి నడిచి ఘాంఘరియా.
3వ రోజు: లోయ, వీలైనంత లోపలికి.
4వ రోజు: లోయ, ఈసారి మొదటి సగమే, నింపాదిగా.
5వ రోజు: హేమకుండ్ సాహిబ్, ఘాంఘరియాకు పైన సరస్సు ఒడ్డున ఉన్న సిక్కు గురుద్వారా.
6వ రోజు: దిగి బద్రీనాథ్.
7వ రోజు: బద్రీనాథ్ నుంచి రుద్రప్రయాగ ప్రాంతం దాకా.
8వ రోజు: రిషికేశ్.

దీనికి పైన ఒక ఖాళీ రోజు. అది ఎక్కడ ఖర్చవుతుందో ముందుగా చెప్పలేం. ఘాంఘరియాలో వానకు గేటు మూసినప్పుడో, తిరుగు దారిలో రోడ్డు తెగినప్పుడో పనికొస్తుంది.

లోయను ముందు, హేమకుండ్‌ను తర్వాత పెట్టడానికి కారణం ఎత్తు. ఘాంఘరియా 3,049 మీటర్ల మీద ఉంది. లోయలో నడిచే దారి అంతకన్నా కొన్ని వందల మీటర్లే పైన. హేమకుండ్ నాలుగు వేలు దాటుతుంది. రెండు రోజులు లోయలో తిరిగితే ఒళ్లు ఆ గాలికి అలవాటు పడుతుంది. ఘాంఘరియా చేరిన మర్నాడే హేమకుండ్ ఎక్కినవాళ్లలో తలనొప్పితో, వాంతులతో దిగివచ్చేవాళ్లు ఎక్కువ.

ఒంటిని సిద్ధం చేసుకోవడం

తెలుగువాళ్లకు చక్కగా పనికొచ్చే పరీక్ష అలిపిరి. అక్కడ 3,550 మెట్లు, సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తు. వీపున అయిదారు కిలోల సంచితో నాలుగు గంటల్లో ఎక్కి, మర్నాడు కాళ్లు పట్టేయకుండా మళ్లీ మామూలుగా నడవగలిగితే ఘాంఘరియా దాకా మీరు నడవగలరు. పులనా నుంచి ఘాంఘరియాకు ఎక్కాల్సింది దాదాపు వెయ్యి మీటర్లు. పైగా మూడు వేల మీటర్ల మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు డెబ్బై శాతమే.

అలిపిరి దూరమైతే కనీసం ఆరు వారాలు ముందు నుంచి వారానికి నాలుగు రోజులు గంటసేపు వేగంగా నడక, రెండు రోజులు మెట్లు పెట్టుకోండి. మెట్లు ఎక్కి లిఫ్టులో దిగే అలవాటు మాత్రం వద్దు. మోకాళ్లు నొప్పెట్టేది దిగేటప్పుడే. దిగుడుకు పనిచేసే తొడ కండరాలకు ముందు నుంచే ఆ పని నేర్పాలి.

గుండె జబ్బు, ఉబ్బసం, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా బయల్దేరకండి.

సామాను

పెద్ద పెట్టె జోషీమఠ్‌లోనో గోవింద్‌ఘాట్‌లోనో మీరు దిగిన చోట వదిలేసి, ఆరేడు కిలోలకు మించని సంచితో ఎక్కండి.

బూట్లు అన్నిటికన్నా ముఖ్యం. అడుగున లోతైన గాడులు ఉండాలి, మడమను పట్టుకునే ఎత్తు ఉండాలి. ప్రయాణానికి కనీసం నెల ముందు కొని రోజూ తొడగాలి. కొత్త బూట్లతో వచ్చినవాళ్లకు మొదటి రోజే మడమ వెనక బొబ్బ లేస్తుంది. తర్వాత మూడు రోజులూ దాన్ని మోస్తూ నడవాల్సిందే. చర్మం ఎక్కడైనా వేడిగా రాపిడిగా అనిపించగానే ఆగి అక్కడ మెడికల్ టేపు అంటించండి. బొబ్బ లేచాక అంటిస్తే లాభం లేదు. మేజోళ్లు నాలుగు జతలు: మూడు నడకకు, ఒకటి రాత్రికి మాత్రమే. ఆ నాలుగో జతను ఎట్టి పరిస్థితిలోనూ తడవనివ్వకండి. తడిసిన బూట్లలో రాత్రి పాత పేపర్లు కుక్కి, గంట తర్వాత తీసి మళ్లీ పొడి పేపర్లు కుక్కితే పొద్దుటికి తొడుక్కునేలా అవుతాయి. గదిలో హీటరు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

వానకు పలచటి ప్లాస్టిక్ పోంచో ఒక్కటే నమ్ముకుంటే మొదటి ఈదురుగాలికే చిరుగుతుంది, లోపల చెమటకు తడుస్తారు. వానకోటు, వాన పాంటు జతగా తీసుకోండి. పోంచో ఉంటే వాటి మీద, సంచిని కూడా కప్పేలా వేసుకోండి. సంచికి బయట తొడుగు ఉన్నా లోపల పెద్ద చెత్తకవరు ఒకటి పరిచి, అందులో బట్టలు పెట్టి మూతి మెలితిప్పండి. గంటల తరబడి వాన పడితే బయటి తొడుగు భుజాల దగ్గర నుంచి నీళ్లు దిగకుండా ఆపలేదు. జీన్స్ వద్దు. తడిస్తే రెండు రోజులైనా ఆరదు.

ఉన్ని స్వెట్టరు లేదా ఫ్లీస్ ఒకటి, పలచటి థర్మల్ ఒక జత, టోపీ, చేతి తొడుగులు చాలు. వానాకాలంలోనూ రాత్రుళ్లు చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. టార్చి, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, మీరు రోజూ వేసుకునే మందులు రెండింతలు, ఓఆర్ఎస్ ఆరు పొట్లాలు, పారాసిటమాల్, టేపు. ఘాంఘరియాలో కరెంటు రోజంతా ఉంటుందని లెక్కేసుకోకండి, ఏటీఎం లేదు. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి యూపీఐ ఏ పూట పనిచేస్తుందో తెలియదు. నాలుగు రోజుల తిండికీ గదికీ గుర్రానికీ సరిపడా నగదు జోషీమఠ్‌లోనే తీసి పెట్టుకోండి, చిన్న నోట్లు ఎక్కువగా.

చేతికర్ర గోవింద్‌ఘాట్‌లో, పులనాలో చౌకగా దొరుకుతుంది. కింద ఇనుప మొన ఉన్నది చూసి కొనండి.

రిషికేశ్ దాకా, అక్కడి నుంచి పైకి

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ హైదరాబాద్ నుంచి, ఏపీ ఎక్స్‌ప్రెస్ విశాఖ నుంచి ఢిల్లీకి వెళతాయి. ఢిల్లీ నుంచి హరిద్వార్‌కు రైళ్లు, బస్సులు బోలెడు. విమానమైతే డెహ్రాడూన్‌లోని జాలీ గ్రాంట్ దిగితే రిషికేశ్ గంట లోపు. రిషికేశ్‌లో టీటీడీ ఆంధ్రా ఆశ్రమం ఉంది. పైకి వెళ్లే ముందు తెలుగు భోజనం, తెలుగు మాట అక్కడ దొరుకుతాయి.

బద్రీనాథ్‌కూ హేమకుండ్‌కూ ఉత్తరాఖండ్ పర్యాటక శాఖ యాత్రా నమోదు తప్పనిసరి. ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో చేసుకుని, కాగితం మీద ప్రింటు తీసుకెళ్లండి. దారిలో తనిఖీ చేస్తారు. ఆధార్ అసలు కార్డు కూడా దగ్గరుండాలి.

రిషికేశ్ నుంచి పొద్దున అయిదింటికల్లా బయల్దేరాలి. దేవప్రయాగ, శ్రీనగర్ (గఢ్వాల్‌లోది, కశ్మీరుది కాదు), రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ, చమోలీ, పీపల్‌కోటి మీదుగా జోషీమఠ్‌కు తొమ్మిది నుంచి పదకొండు గంటలు. కొండ రోడ్ల మీద రాత్రి బండ్లను వదలరు. ఆలస్యంగా బయల్దేరితే పీపల్‌కోటిలోనే పడుకోవాల్సి వస్తుంది. మెలికల్లో కడుపు తిప్పేవాళ్లు బండి ఎక్కడానికి అరగంట ముందు మాత్ర వేసుకుని, ముందు సీట్లో కూర్చోవాలి.

శ్రీనగర్ దాటాక సిరోబగడ్ లాంటి చోట్ల కొండ ఏటా జారుతూనే ఉంటుంది. రోడ్డు తెగితే యంత్రాలు తెచ్చి తెరుస్తారు. గంటలు పట్టొచ్చు, ఒక పూట పట్టొచ్చు. బండిలో నీళ్లు, బిస్కెట్లు, అరటిపళ్లు ఉంచుకోండి. కొందరు అవతల బండి మారొచ్చని జారిన చరియ మీదుగా నడిచి దాటుతుంటారు. పై నుంచి గుండ్రాళ్లు దొర్లుతున్నంతసేపూ ఆ పని చేయకండి. పెద్ద రాయి కన్నా ముందు గులకరాళ్లు పడతాయి, గులకరాళ్ల చప్పుడు వినిపిస్తుంటే కొండ ఇంకా కదులుతోందని అర్థం.

గోవింద్‌ఘాట్ నుంచి ఘాంఘరియా

జోషీమఠ్ నుంచి గోవింద్‌ఘాట్ 20 కిలోమీటర్లు. ఇక్కడే లక్ష్మణ్ గంగ వచ్చి అలకనందలో కలుస్తుంది. 2013 జూన్ వరదల్లో ఇక్కడి వంతెన కొట్టుకుపోయింది, పైనున్న భ్యూండార్ గ్రామం చాలావరకు నాశనమైంది. 2025 మార్చిలో కొండచరియ పడి వంతెన మళ్లీ కూలింది. బయల్దేరే వారంలో దారి ఎలా ఉందో జోషీమఠ్‌లో ఎవరినైనా ఫోన్ చేసి అడగడం మంచి అలవాటు.

గోవింద్‌ఘాట్ నుంచి పులనాకు నాలుగు కిలోమీటర్లు షేర్ జీపులు తిరుగుతాయి. జనం నిండాక కదులుతాయి. పదకొండు లోపే పులనాలో నడక మొదలుపెట్టండి. అయిదు నుంచి ఏడు గంటలు పడుతుంది, మధ్యాహ్నం దాటితే పైకి వదలకపోవచ్చు.

పులనా నుంచి దారి రాళ్లు పరిచింది, వెడల్పుగా ఉంటుంది, తప్పిపోయే ప్రశ్నే లేదు. జంగిల్ చట్టీ మీదుగా భ్యూండార్ దాకా ఆరేడు కిలోమీటర్లు ఎక్కుడూ సమతలమూ మారుతూ వస్తాయి. టీ కొట్లు, ఆలూ పరాఠా, మ్యాగీ దొరుకుతాయి. భ్యూండార్ దాటి వంతెన మీదుగా నదికి అవతలికి వెళ్లాక ఉన్న ఆఖరి మూడు కిలోమీటర్లు మాత్రం నిలువు. బలమంతా మొదటి సగంలో ఖర్చుపెట్టినవాళ్లు ఇక్కడ పదడుగులకోసారి ఆగుతారు. భ్యూండార్‌లో అరగంట కూర్చుని, ఏదైనా తిని, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాగి ఈ మూడూ మొదలుపెట్టండి. పక్కవాళ్లతో మాట్లాడుతూ ఎక్కగలిగే వేగమే సరైన వేగం. మాట తెగిపోతోందంటే అడుగు తగ్గించాలి.

కంచరగాడిదలు పైకీ కిందికీ ఆగకుండా తిరుగుతుంటాయి. గంట చప్పుడు వినగానే కొండ వైపు గోడకు ఆనుకుని నిలబడండి, లోయ వైపు అంచున ఎప్పుడూ వద్దు. మూట తగిలితే మనిషి కిందికే పోతాడు. వాన రోజు వాటి పేడతో రాళ్లు మరీ జారతాయి. దారి పక్కన గుబురుగా, పళ్లంచు ఆకులతో ఉండే మొక్కను పట్టుకోకండి. అది బిచ్చూ ఘాస్, మన దురదగొండికి అన్న.

నడవలేనివాళ్లకు మూడు దారులు. కంచరగాడిద, ఒక మనిషి వీపున బుట్టలో కూర్చోబెట్టుకుని మోసే కండీ, నలుగురు మోసే దండీ. రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి, కండీకి మీ బరువును బట్టి. బోర్డు దగ్గరే మాట్లాడి, చీటీ తీసుకుని ఎక్కండి. వాతావరణం బాగుంటే గోవింద్‌ఘాట్ నుంచి హెలికాప్టరు కూడా ఉంది. కానీ జులై, ఆగస్టుల్లో మబ్బు కమ్మితే ఎగరదు, దాని మీదే ఆధారపడి రోజులు వేసుకోకండి.

ఘాంఘరియాలో హోటళ్లు, గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ అతిథిగృహం, పెద్ద గురుద్వారా ఉన్నాయి. శని ఆదివారాల్లో, ఆగస్టు 15 దగ్గర గదులు దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోండి. గది చూసేటప్పుడు ముందు గోడ పట్టుకుని చూడండి, తడిగా ఉంటే పరుపూ తడిగానే ఉంటుంది. పక్క గది అడగండి.

లోయలో మొదటి రోజు

గేటు పొద్దున 7కు తెరుస్తారు. మధ్యాహ్నం దాటితే లోపలికి వదలరు, సాయంత్రం 5 లోపు బయటికి వచ్చేయాలి. టిక్కెట్టు అటవీ శాఖ చెక్‌పోస్టులో ఇస్తారు, ఎన్ని రోజులు చెల్లుతుందో అక్కడే అడగండి. దాన్ని పారేయకుండా జేబులో పెట్టుకోండి.

ఏడుకు అయిదు నిమిషాల ముందే గేటు దగ్గరుండండి. వానాకాలంలో తెల్లవారుజామున తెరిపి ఇచ్చి, పదకొండు, పన్నెండుకల్లా మబ్బు లోయలోకి దిగడం మామూలు. తొమ్మిదింటికి టిఫిను చేసి బయల్దేరినవాళ్లు లోయ తెరుచుకునే చోటికి చేరేసరికి అంతా తెల్లటి పొగే. మధ్యాహ్నం తిండి ముందు రాత్రే హోటల్లో చెప్పి కట్టించుకోండి. లోపల కొట్లు లేవు, మరుగుదొడ్లు లేవు. లీటరు నీళ్లసీసా, పరాఠాలు, బెల్లం, వేరుశనగపప్పు సరిపోతాయి. వాడిన శానిటరీ ప్యాడ్లు, టిష్యూలు, కవర్లు వెనక్కి తేవడానికి జిప్పు ఉన్న పౌచ్ ఒకటి పెట్టుకోండి.

ఘాంఘరియా దాటాక దారి రెండుగా చీలుతుంది. కుడి హేమకుండ్‌కు, ఎడమ లోయకు. గుర్రాలను ఎడమవైపు వదలరు, మనిషి మోసే కండీ మాత్రం వెళుతుంది. చెక్‌పోస్టు దాటాక దారి అడవి గుండా పుష్పావతి వంతెనకు దిగుతుంది. టిప్రా హిమనదంలో పుట్టిన ఈ నది చప్పుడులో పక్కవాళ్ల మాట వినపడదు. వంతెన దాటగానే రెండు కిలోమీటర్ల దాకా నిటారు ఎక్కుడు, భూర్జవృక్షాల మధ్య మెలికలు తిరిగే రాతిమెట్లు. ఈ రెండు కిలోమీటర్లు అలిసిపోవడం చూసి లోయంతా ఇలాగే ఉంటుందనుకుని వెనక్కి తిరగకండి. బామణ్ ధౌర్ అనే రాతి చూరు వచ్చాక దారి చదునవుతుంది. ఆ తర్వాత దాదాపు నది ఇసుకమేట దాకా హాయిగా నడవొచ్చు. వాన జోరైతే ఆ చూరు కింద నిలబడొచ్చు.

వాగుల మీద మంచు మిగిలి ఉంటే, నలుగురు నడిచి గట్టిపడిన జాడలోనే దాటండి. అంచుల్లో మంచు కింద నీళ్లు తొలిచేసి డొల్లగా ఉంటుంది. పొద్దున మోకాలి లోతు లేని వాగు మధ్యాహ్నానికి ఉబ్బుతుంది. ఎండకు హిమనదం కరిగిన నీళ్లూ పై వాన నీళ్లూ కలిసి దిగేది అప్పుడే. అవతలికి వెళ్లేటప్పుడు దుంగ వంతెనకూ నీళ్లకూ మధ్య ఎంత ఎడముందో గుర్తుపెట్టుకోండి. అది తగ్గుతోందంటే వెనక్కి రావాలి.

మొదటి రోజు నది ఒడ్డు దాకా వెళ్లండి, ఘాంఘరియా నుంచి దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. దారిలో చిన్న చీలిక పట్టుకుంటే జోన్ మార్గరెట్ లెగ్ సమాధి వస్తుంది. మొక్కల సేకరణకు ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆమె 1939లో ఇక్కడి రాళ్ల మీద జారిపడి చనిపోయింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1931లో, కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం ఈ లోయలోకి దిగింది. బయటి ప్రపంచానికి పూల లోయ పేరు తెలిసింది వాళ్ల వల్లే. భ్యూండార్ పశుల కాపరులకు మాత్రం తరతరాలుగా తెలిసిన చోటే.

ఎంత దూరం వెళ్లినా ఒంటిగంటకు వెనక్కి తిరగాలి. ఎనిమిది కిలోమీటర్లు తిరిగి రావడానికి మూడు గంటలు పైనే పడుతుంది, ఆఖర్న వంతెన నుంచి చెక్‌పోస్టుకు మళ్లీ ఎక్కుడుంది.

రెండో రోజు: పూలను చూడడం

పూల లోయలో అయిదొందలకు పైగా పూమొక్కల జాతులున్నాయి. చాలావరకు మోకాలి ఎత్తు కూడా ఉండవు. నిలబడి దూరం చూస్తే ఆకుపచ్చ, మధ్య మధ్య రంగు. కూర్చుని ఒక గజం నేల చూస్తే పది రకాలు. నిరాశపడి తిరిగొచ్చేవాళ్లు దాదాపు అందరూ నిలబడే చూసినవాళ్లు. అందుకే రెండో రోజు దూరం పెట్టుకోకండి. బామణ్ ధౌర్ దాటి ఒకటి రెండు కిలోమీటర్లు చాలు.

ఏ నేలలో ఏ పువ్వు వెతకాలో తెలిస్తే సగం పని అయినట్టే. గేటు నుంచి వంతెన దాకా నీడ పట్టున కోబ్రా లిల్లీ ఉంటుంది, పడగ విప్పినట్టు చారలున్న తొడుగు. ఆకుల కింద దాక్కుంటుంది కాబట్టి వంగి చూడాలి. ఎక్కుడు దారిలో రాతి పగుళ్లలో నీలి గసగసాల పువ్వు కోసం చూడండి. కాడ నిండా బంగారు రంగు సన్నటి ముళ్లు, పైన పట్టుగుడ్డలా పలచటి లేతనీలం రేకులు, మధ్యలో పసుపు కేసరాల ముద్ద. గట్టి వాన పడితే రేకులు రాలిపోతాయి, అందుకని తెరిపి ఉన్న పొద్దునే వెతకాలి. గడ్డివాలుల్లో ఊదా జెరేనియం, గులాబీ బిస్టోర్టా, నీలి కాంపానులా కలిసి ఉంటాయి. ఊట పక్కన మార్ష్ మేరిగోల్డ్, ప్రిములా. పుష్పావతి ఇసుకమేటలో, ఇంకేదీ బతకని గులకరాళ్ల మధ్య, ముదురు గులాబీ రంగు ఎపిలోబియం పరుచుకుంటుంది.

ఎత్తుగా, గుబురుగా, తెల్లటి చిన్న పూలతో దారి పక్కంతా అల్లుకున్న మొక్క కనిపిస్తుంది. అది పాలిగోనం. 1982లో జాతీయ ఉద్యానవనం అయ్యాక పశువుల మేత ఆగిపోయింది, ఈ మొక్క అల్లుకుపోయి చిన్న పూలకు ఎండ తగలనివ్వడం లేదు. అటవీ శాఖ కూలీలను పెట్టి ఏటా పీకిస్తుంది. మేత ఆపడమే తప్పా అన్న వాదన వృక్షశాస్త్రజ్ఞుల్లో పాతదే. ఏది నిజమైనా, దారి వదిలి గడ్డిలో నడిచే ప్రతి అడుగూ ఆ చిన్న మొక్కల మీదే పడుతుంది. దారి మీదే కూర్చుని చూడండి, అక్కడి నుంచి చేతికందే దూరంలోనే కావలసినన్ని ఉన్నాయి.

ఫొటోలకు ఫోనే చాలు. పువ్వు ఎత్తుకు ఫోను దించి, తల కిందులుగా తిప్పి కెమెరా నేల దగ్గరకు వచ్చేలా పట్టుకోండి. ఎండ పడుతుంటే గొడుగుతో నీడ చేయండి, రేకుల రంగు తేలుతుంది. గాలి ఆగే క్షణం కోసం వేచి ఉండాలి, తొందరపడితే పది ఫొటోలూ చెదిరిపోతాయి. కోయకూడదు, గింజలూ ఏరకూడదు. ముట్టుకోకపోవడమే క్షేమం కూడా, వత్సనాభి జాతి విషమొక్కలు ఇక్కడ పుష్కలం.

ఎలుగుబంట్లు ఉన్న అడవి ఇది. గేటు తెరవగానే ఒంటరిగా ముందుకు పరుగెత్తకుండా నలుగురితో కలిసి, మాట్లాడుతూ వెళ్లండి.

హేమకుండ్ రోజు

ఆరు కిలోమీటర్లలో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. పొద్దున అయిదింటికి బయల్దేరండి. మధ్యాహ్నం రెండు లోపే అందరినీ కిందికి పంపేస్తారు, పైన రాత్రి బస లేదు. చివర్లో రాతిమెట్ల అడ్డదారి ఉంది, వెయ్యికి పైగా మెట్లు. మోకాళ్లు బాగుంటే తప్ప పొడుగు దారే మేలు. ఆగస్టు నుంచి సెప్టెంబరు మొదటి వారాల దాకా పై వాలుల్లో బ్రహ్మకమలం పూస్తుంది. కాగితంలా పలచటి లేత పసుపు తొడుగుల లోపల ఊదారంగు పూల గుత్తి దాగి ఉంటుంది, తొడుగే పువ్వనుకుని చాలామంది లోపలికి చూడరు.

పైన సరస్సు, గురు గోవింద్ సింగ్ పేర గురుద్వారా, పక్కనే లక్ష్మణుడి గుడి. తలకు గుడ్డ కట్టుకోవాలి. లంగరులో, అంటే గురుద్వారా ఉచిత భోజనశాలలో, వేడి కిచిడీ, టీ పెడతారు. కూర్చుని కడుపునిండా తినండి. తడి బట్టలతో అరగంటకు మించి కదలకుండా ఉండకండి, చెమట ఆరితే వణుకు మొదలవుతుంది.

ఎత్తు జబ్బు గుర్తుపట్టడం

తలనొప్పితో పాటు వికారం, తల తిరగడం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం వీటిలో ఒక్కటైనా ఉంటే అది ఎత్తు వల్ల వచ్చిందనే అనుకోండి, వేరే కారణం తేలేదాకా. ఆ రోజు ఇంకా పైకి ఎక్కకూడదు. నీళ్లు, విశ్రాంతి, పారాసిటమాల్‌తో మర్నాటికి తగ్గితే ఎక్కొచ్చు. పెరిగితే దిగాలి. అనుమానంగా ఉంటే ఆ మనిషిని మడమకు బొటనవేలు ఆనిస్తూ పదడుగులు తిన్నగా నడవమనండి. తూలితే, మాట తడబడితే, కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే తెల్లారేదాకా ఆగకుండా మోయించుకునైనా కిందికి దించాలి. హేమకుండ్‌లో వస్తే ఘాంఘరియాకు, ఘాంఘరియాలో వస్తే గోవింద్‌ఘాట్‌కు. ఈ నడక దారిలో పెద్ద ఆసుపత్రి ఎక్కడా లేదు.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే అసిటజోలమైడ్ మాత్ర గురించి ఇంటి దగ్గరే డాక్టరుతో మాట్లాడండి. సల్ఫా మందులు పడనివాళ్లు తీసుకోకూడదు. మద్యం, నిద్రమాత్రలు ఈ నాలుగు రోజులూ వద్దే వద్దు.

దిగడం, తిరుగు దారి

ఘాంఘరియా నుంచి పులనాకు దిగడానికి మూడున్నర, నాలుగు గంటలు. ఇంటి దగ్గర బయల్దేరే ముందే కాలి గోళ్లు కత్తిరించుకుని ఉండాలి. గోళ్లు పెరిగి ఉంటే దిగేటప్పుడు బూటు ముందు భాగానికి తగిలి నల్లబడతాయి, ఊడిపోతాయి కూడా. దిగే రోజు మడమ దగ్గర లేసులు బిగించి, వేళ్ల దగ్గర వదులుగా కట్టండి. అడుగులు చిన్నవిగా, మోకాలు కాస్త వంచి.

ఏడింటికి దిగడం మొదలుపెడితే పదకొండుకు పులనా, మధ్యాహ్నానికి గోవింద్‌ఘాట్, సాయంత్రం దర్శనానికి బద్రీనాథ్. గోవింద్‌ఘాట్ నుంచి 25 కిలోమీటర్లే. రిషికేశ్ చేరే రోజు రాత్రికే రైలు గానీ విమానం గానీ పెట్టుకోకండి. సిరోబగడ్ దగ్గర ఒక్క గంట ఆగినా టిక్కెట్టు పోతుంది. మర్నాడు మధ్యాహ్నం తర్వాతి బండికి తీసుకోండి.